పంటకు కాపలా కాసే చట్టాలు



మీలో చాలామంది మిరప తోటల్లో పనికి వెళ్తారు. 2021లో ఆ తోటలకు ఏమైందో మీకు తెలుసు. పూత నిండా నల్లని చిన్న పురుగులు. పూత రాలింది. కాయ నిలవలేదు. ఎన్ని మందులు కొట్టినా పురుగు లొంగలేదు. రైతులు నష్టపోయారు. కాయ లేకపోతే మనకు కోత కూలీ కూడా లేదు కదా!

దాని పేరు నల్ల తామర పురుగు. అది ఆగ్నేయాసియా దేశాల పురుగు. మన దేశంలో 2015లో బెంగళూరులో బొప్పాయి మీద మొదట కనబడింది. ఆరేళ్ళలో మన మిరప దాకా వచ్చింది. కాలవల్లో గుర్రపు డెక్క కూడా అంతే. దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. చివరి చేలకు నీరు పారనివ్వదు.

ఇలాంటివాటిని ఆపడానికి చట్టాలున్నాయి. వాటి ఉద్దేశాలు రెండు.

మొదటిది: బయటి తెగులు లోపలికి రాకూడదు. దీనికి 1914లో చట్టం చేశారు. దాని కింద 2003లో కొత్త నిబంధనలు వచ్చాయి. విదేశాల నుంచి విత్తనం, మొక్క తేవాలంటే అనుమతి ఉండాలి. ఆ దేశపు అధికారులు పరీక్షించి ఇచ్చిన పత్రం ఉండాలి. ఇక్కడికి వచ్చాక మనవాళ్ళు మళ్ళీ చూస్తారు. విశాఖపట్నంలో అలాంటి కేంద్రం ఉంది.

రెండవది: వచ్చిన తెగులు పక్క చేనుకు పాకకూడదు. దీనికి 1919లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో చట్టం వచ్చింది. మన కృష్ణా జిల్లా అప్పుడు అందులోదే. పురుగు, తెగులు, కలుపు మూడింటికీ అది వర్తిస్తుంది. ఫలానా చోట ఫలానా పురుగు ప్రమాదమని ప్రభుత్వం ప్రకటిస్తుంది. ఏం చెయ్యాలో చెబుతుంది. భూమి ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు ఆ పని చెయ్యాలి. చెయ్యకపోతే నోటీసు వస్తుంది. అప్పటికీ చెయ్యకపోతే ప్రభుత్వమే చేయించి, ఖర్చు వసూలు చేస్తుంది.

"నా చేను నా ఇష్టం. మధ్యలో సర్కారుకేం పని?" అనుకోవచ్చు. ఒకామె పురుగు పట్టిన మొక్కలు పీకి కాల్చిందనుకోండి. పక్క చేనాయన వదిలేశాడు. నాలుగు రోజులకే పురుగు మళ్ళీ వచ్చింది. ఆమె కష్టం ఏమైంది? పురుగుకు గట్టు తెలియదు. అందుకే అందరికీ ఒకే కట్టుబాటు.

అయితే చట్టం ఒక్కటే చాలదు. రెక్కలున్న పురుగును ఏ రేవులోనూ ఆపలేం. దాన్ని ముందుగా చూసేది చేలో వంగి పనిచేసే మీరే. ఎన్నడూ చూడని పురుగు కనబడితే ఊరుకోకండి. ఆకుతో సహా మూత ఉన్న డబ్బాలో వేసి వ్యవసాయ అధికారికి చూపించండి. విదేశాల నుంచి వచ్చే మన పిల్లలకు చెప్పండి, సంచిలో విత్తనాలు, మొక్కలు తేవద్దని.

ఇంకొక్క మాట. నోటీసు వస్తే వేలిముద్ర వేసి పక్కన పెట్టకండి. మీకిప్పుడు చదువు వచ్చు. ఏ పురుగు? ఏ ఊరు? ఏ తేదీ లోపల? ఈ మూడూ మీరే చదివి, పక్క చేనువాళ్ళకు కూడా చదివి వినిపించండి.