ఋతువు పండించిన కాఫీ



కాఫీగింజ స్వభావమును మొదట తెలిసికొనవలెను. వేయింపని పచ్చిగింజ తన చుట్టునున్న తేమను, వాసనను ఇట్టే గ్రహించును. ఇంగువ మూట ప్రక్కనుంచిన యెడల కాఫీయు ఇంగువ వాసనయే కొట్టును. కావుననే దానిని సముద్రముమీద చేరవేయుట వర్తకులకు సదా దిగులే. ఈ స్వభావమువలన మన దేశపు పడమటి తీరమున జరిగిన యొక వింతను నేడు మనవి చేసెదను.

1869కి పూర్వము సూయజు కాలువ లేదు. మలబారు తీరమున కాఫీ నెక్కించుకొన్న తెరచాప యోడలు ఆఫ్రికా ఖండమును చుట్టి, గుడ్‌హోప్ అగ్రము దాటి, ఐరోపాకు చేరవలెను. అందులకు నెలల కొలది కాలము పట్టుచుండెను. కొయ్యయోడ గర్భమందలి తేమను అన్నినాళ్లు త్రాగి, పచ్చని గింజలు ఉబ్బి, లేతపసుపు వన్నెకు మాఱెడివి. పులుపు తగ్గి రుచి మెత్తబడెడిది. సరకు చెడినదని వర్తకుడు తల పట్టుకొనవలసినదే. కాని ఉత్తర ఐరోపావాసులకు ఆ రుచియే అలవాటయ్యెను.

పిదప కాలువ తెరచిరి. ఎఱ్ఱసముద్రపు గాలులు తెరచాపలకు అనుకూలములు కావు. పొగయోడలకు ఆ చిక్కు లేదు. ప్రయాణకాలము తగ్గెను. గింజ పచ్చగానే, పులుపుతోనే చేరసాగెను. కొనువారు సంతసింపక, పాత రుచి యేదని అడిగిరని చెప్పుదురు.

అప్పుడు మనవారు చేసిన యుపాయము చూడుడు. ఓడలో జరిగినదానిని ఒడ్డుననే జరిపించిరి. జూను మొదలు సెప్టెంబరు వఱకు, గాలి చక్కగా నాడు గిడ్డంగులలో గింజలను నేలపై పఱచి, మాటిమాటికి కలియబెట్టుదురు. పిదప సంచులలో వదులుగా నింపి, నడుమ గాలికి సందులుంచి పేర్చుదురు. ఆ సంచులను విప్పి మార్చుచు 12 మొదలు 16 వారములు కనిపెట్టియుందురు. బూజు పట్టినను, పురుగు పట్టినను శ్రమయంతయు వ్యర్థమే. దీనినే మాన్‌సూన్డ్ మలబారు కాఫీ యందురు. మాన్‌సూన్ అను మాట, ఋతువను అర్థముగల మౌసిమ్ అను అరబ్బీ శబ్దమునుండి వచ్చినది. ఋతువు పండించిన కాఫీ యన్నమాట!

ఇటీవల తెరచాప మఱల కాఫీని మోయ నారంభించినది. ఫ్రాన్సు దేశమున గ్రెయిన్ ద సెయిల్ అను 24 మీటర్ల యోడ 2020లో ప్రయాణము మొదలిడెను. 2024లో 81 మీటర్ల ఆనెమోస్, సుమారు వేయి టన్నుల సరకు మోయదగినది, ల్ హావ్ర్ రేవునుండి అట్లాంటిక్ దాటెను. ఆనెమోస్ అనగా గ్రీకు భాషలో గాలి. ఖర్చు హెచ్చయినను, చమురుపొగ తగ్గింపవలెనని వీరి సంకల్పము. ఆనాటివారు వేఱు దిక్కులేక గాలిని నమ్మిరి; వీరు యంత్రములుండియు గాలిని కోరిరి.

నేను పంతులుగా నున్నపుడు, ఆలస్యముగా గ్రహించు పిల్లవానిని మందబుద్ధి యని వెనుకబల్లకు పంపితిని. అట్టివాడొకడు నేడు మా యూరివారి లెక్కలన్నియు తప్పులేక చూచుచున్నాడు. వానిని చూచినపుడెల్ల నాకు సిగ్గగును. ఊరక విడిచిన గింజకు బూజు పట్టును. విప్పి, కలియబెట్టి, కనిపెట్టియున్న గింజ పరిపక్వమగును. మీ మనుమల విషయమున దీనిని తలంపుడు.