భాగస్థుడు, గుమాస్తా, వకీలు – ఎవరి సంతకానికి ఎవరు బాధ్యులు?

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను ఉర్దూ మీడియం పాఠశాలలో ఉపాధ్యాయుణ్ణి. వకీలును కాను, వ్యాపారస్థుణ్ణి అసలే కాను. అయినా ఈ విషయం ఎందుకు ఎన్నుకున్నానని మీరు అడగవచ్చు. మా బడికి వచ్చే పిల్లల తండ్రుల్లో ఎక్కువమంది చిన్న వ్యాపారాలవారే. ఒకరిది చెప్పుల దుకాణం, ఒకరిది మెకానిక్ షెడ్డు, ఒకరు పండ్ల మండీలో కూర్చుంటారు. బ్యాంకు నోటీసు వచ్చినా, కోర్టు సమన్లు వచ్చినా "సార్, కాస్త చదివి చెప్పండి" అని నా దగ్గరకు తెస్తారు. ఆ కాగితాలు చదివీ చదివీ నాకొక సంగతి బోధపడింది. మనవాళ్ళ వ్యాపారాలు కొన్ని నష్టం వచ్చి మునుగుతాయి. మరికొన్ని మాత్రం రెండు ప్రశ్నలకు జవాబు లేక మునుగుతాయి. ఒకటి, ఈ వ్యాపారం ఎవరిది? రెండు, ఫలానావాడు ఎవరి తరపున ఆ పని చేశాడు?

ఈ రెండు ప్రశ్నలు మనకు కొత్త కాదు. తెలుగువారందరూ రోజూ వాడే వకీలు, వకాల్తనామా, గుమాస్తా, దలాలీ, జామీను, దస్తావేజు అనే మాటలు అరబ్బీ, ఫార్సీల నుండి వచ్చినవే. గుమాస్తా అంటే ఇవాళ లెక్కలు వ్రాసే మనిషి అనుకుంటాము. ఫార్సీలో ఆ మాటకు అసలు అర్థం 'నియమింపబడినవాడు' అని. అనగా యజమాని తరపున పని చేసేవాడు. వకీలు అన్నా అంతే. మాటలు మన ఇళ్ళలో వున్నాయి, వాటి వెనుక వున్న నియమాలే మన దుకాణాల్లో లేవు.

ముందు మొదటి ప్రశ్న చూద్దాము. ఒక్కడే పెట్టుబడి పెట్టి, ఒక్కడే నడుపుకునేది సొంత వ్యాపారం. లాభమంతా అతనిదే, అప్పంతా అతనిదే. దుకాణం అప్పుకు ఇల్లు కూడా జవాబు చెప్పవలసి వస్తుంది, ఎందుకంటే చట్టం దృష్టిలో దుకాణమూ మనిషీ వేరు కాదు. ఇద్దరు ముగ్గురు కలిసి చేసేది భాగస్వామ్యం. దీనికి 1932 నాటి భారత భాగస్వామ్య చట్టం వర్తిస్తుంది. ఇవి కాక కంపెనీలున్నాయి, 2008లో చట్టమయిన ఎల్.ఎల్.పి.లు అనగా పరిమిత బాధ్యత గల భాగస్వామ్యాలున్నాయి. వాటి సంగతి తర్వాత చెబుతాను.

మనలో ఎక్కువ చిక్కులు భాగస్వామ్యం దగ్గరే వస్తాయి. అన్న దుబాయిలోనో సౌదీలోనో కష్టపడి డబ్బు పంపుతాడు. తమ్ముడు ఇక్కడ బట్టల దుకాణం తెరుస్తాడు. లైసెన్సు, జి.యస్.టి. నంబరు, బ్యాంకు ఖాతా అన్నీ తమ్ముడి పేరనే. కాగితం లేదు. "మనలో మనకు కాగితమేమిటి?" అంటారు. పదేళ్ళ తర్వాత అన్న తిరిగివస్తాడు. "దుకాణంలో సగం నాది" అంటాడు. "నీవిచ్చింది అప్పు, తీర్చేశాను" అంటాడు తమ్ముడు. ఇద్దరూ నమాజులో ఒకే వరుసలో నిలబడతారు, కాని మాట్లాడుకోరు. ఇలాంటి ఇళ్ళు మీకూ తెలుసు.

చట్టం ఏమంటుంది? లాభంలో వాటా తీసుకున్నంత మాత్రాన ఎవరూ భాగస్థులు కారు. ఇంగ్లాండులో 1860లో కాక్స్, హిక్‌మన్ అనేవారి వ్యాజ్యంలో ఇది తేలింది. ఒక ఇనుము వ్యాపారం అప్పుల్లో పడితే అప్పులవాళ్ళ తరపున ట్రస్టీలు దానిని నడిపారు. వచ్చే లాభం నుండి అప్పులు తీరాలని ఒప్పందం. ఆ తర్వాత వ్యాపారానికి సరుకిచ్చిన హిక్‌మన్, లాభం పొందేవారంతా భాగస్థులే, నా బాకీ వారే కట్టాలన్నాడు. పై కోర్టువారు ఒప్పుకోలేదు. లాభం తినడం కాదు, ఆ వ్యాపారం వారి తరపున నడుస్తున్నదా లేదా అన్నదే చూడాలి అన్నారు. మన చట్టంలోని 4వ, 6వ సెక్షన్లలో వున్న సారం కూడా ఇదే. భాగస్వామ్యానికి ప్రాణం వకాలత్. ప్రతి భాగస్థుడూ తక్కినవారికి వకీలే.

దీని ఫలితం ఎంత బరువైనదో చూడండి. దుకాణం పని మీద మీ భాగస్థుడు సరుకు అరువు తెస్తే మీరు తెచ్చినట్లే. 25వ సెక్షను ప్రకారం ఆ అప్పుకు అందరూ కలిసీ బాధ్యులే, ఒక్కొక్కరూ విడిగానూ బాధ్యులే. బాకీవాడు ముగ్గురిలో ఇల్లున్నవాణ్ణే పట్టుకుంటాడు. కట్టినవాడు తర్వాత మిగతావారి దగ్గర వారి వాటా రాబట్టుకోవాలి. "బ్యాంకు లోను కోసం పేరుకు మాత్రం పార్టనర్‌గా వుండు బావా" అంటే మొహమాటపడి సంతకం పెట్టేవారు ఈ మాట జ్ఞాపకముంచుకోవాలి. సంతకానికి 'పేరుకు మాత్రం' అనేది లేదు.

ఇక్కడ ఒక ముఖ్యమైన తేడా చెప్పాలి. మన షరీఅత్‌లో ముజారబత్ అనే పద్ధతి వున్నది. ఒకరిది డబ్బు, ఒకరిది శ్రమ. లాభం అనుకున్న పాళ్ళలో పంచుకుంటారు. శ్రమపడేవాని తప్పు లేకుండా నష్టం వస్తే డబ్బు పెట్టినవాడే భరిస్తాడు. చాలా న్యాయమైన పద్ధతి. ఇలా వ్రాసుకుంటే మన చట్టం కూడా ఆ ఇద్దరి మధ్య అడ్డురాదు. కాని అది భాగస్వామ్యమని తేలితే, బయట సరుకిచ్చినవాడికి ఆ ఒప్పందంతో పని లేదు. అతడు ఇద్దరి మీదా దావా వేయవచ్చు. లోపలి లెక్క వేరు, బయటి బాధ్యత వేరు. ఈ తేడా తెలియకనే చాలామంది మోసపోయామనుకుంటారు.

రెండవ చిక్కు కుటుంబ వ్యాపారం. హిందూ లా లో ఉమ్మడి కుటుంబమనేది పుట్టుకతో వచ్చే సంబంధం. ముస్లిం లా లో అటువంటి ఉమ్మడి ఆస్తి సిద్ధాంతం లేదు. ఒకే ఇంట్లో తిని, ఒకే దుకాణంలో కూర్చున్నంత మాత్రాన కొడుకులు తండ్రికి భాగస్థులు కారు. భాగస్వామ్యం ఒప్పందం వల్లనే పుడుతుంది, పుట్టుక వల్ల కాదు. పెద్దకొడుకు ఇరవై ఏళ్ళు గల్లా పెట్టె దగ్గర చెమటోడ్చినా, కాగితం లేకపోతే తండ్రి పోయిన నాడు అతను అందరిలాగే ఒక వారసుడు. అలాగే, దుకాణం నడిపే కొడుకులు "ఇది మాదే" అని తల్లినీ అక్కచెల్లెళ్ళనూ పక్కకు నెట్టడమూ చెల్లదు. పిల్లలున్న భార్యకు ఎనిమిదో వంతు, కొడుకు వాటాలో సగం కూతురికి. ఇది ఖుర్ఆన్‌లోనే నిర్ణయమయిన వాటా. దుకాణంలోని సరుకు, రావలసిన బాకీలు కూడా అప్పులు తీర్చిన తర్వాత ఆ లెక్కలోకి వస్తాయి. కష్టపడిన కొడుకుకు న్యాయం జరగాలంటే తండ్రి బ్రతికుండగానే అతణ్ణి భాగస్థునిగా వ్రాయాలి. అప్పుడు ఎవరికీ అన్యాయం కాదు.

ఇక భాగస్వామ్య పత్రం వ్రాసుకున్నవారు రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర నమోదు చేయించాలి. నమోదు తప్పనిసరి కాదు, నిజమే. కాని 69వ సెక్షను చూడండి. నమోదు కాని ఫర్ము తన ఒప్పందం ప్రకారం రావలసిన బాకీ కోసం బయటివాని మీద దావా వేయలేదు. వంద రూపాయలు మించని చిల్లర దావాలకే మినహాయింపు. బయటివాడు మాత్రం మీ మీద నిక్షేపంగా వేయవచ్చు! కత్తి అతని చేతిలో, డాలు కూడా మీకు లేదు.

భాగస్వామ్యం నుండి తప్పుకునేవారు ఇంకా జాగ్రత్తగా వుండాలి. చేతిలో చేయి వేసి విడిపోతే చాలదు. బహిరంగ ప్రకటన ఇచ్చేవరకు పాత బాధ్యత వెంటాడుతుంది. ప్రకటన ఎలా ఇవ్వాలో 72వ సెక్షను చెప్పింది. నమోదయిన ఫర్మయితే రిజిస్ట్రారుకు తెలుపాలి, ప్రభుత్వ గెజిటులో వేయించాలి, ఆ జిల్లాలో చదివే ఒక దేశభాషా పత్రికలో అయినా వేయించాలి. మా విద్యార్థి తండ్రి ఒకాయన ఫర్ము వదిలి రెండేళ్ళయింది. ప్రకటన లేదు. తర్వాత తెచ్చిన సరుకు బాకీకి ఆయన ఇంటికే సమన్లు వచ్చాయి. ఆయన భార్య ఆ కాగితం పట్టుకుని బడి వరండాలో నిలబడి "సార్, ఇల్లు పోతుందా?" అని అడిగింది. చిన్న పత్రికా ప్రకటన ఖర్చు ఎంత, ఆ తల్లి భయం ఖరీదు ఎంత?

ఇప్పుడు రెండవ ప్రశ్న, తరపున పనిచేసేవారి సంగతి. ఇది 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 182వ సెక్షను నుండి వున్నది. మన మార్కెట్ యార్డుల్లో అడ్తిదారు, ఇళ్ళ బ్రోకరు, దుకాణంలో గుమాస్తా, వూళ్ళు తిరిగి వసూలు చేసే కుర్రవాడు, వీరంతా ఏజెంట్లే. జీతం లేకున్నా ఏజెంటే, కాగితం లేకున్నా ఏజెంటే. మీరు జుమా నమాజుకు వెళుతూ పదిహేనేళ్ళ అబ్బాయిని గల్లా దగ్గర కూర్చోబెడితే, వాడు చేసిన బేరం మీరు చేసినట్లే. తండ్రి తిరిగి వచ్చి "పిల్లవాడికి తెలియదు" అంటే చెల్లదు.

ఏజెంటును తీసివేయడంలో కూడా ఒక సూక్ష్మమున్నది. సోమవారం వసూళ్ళ కుర్రవాణ్ణి మాన్పించారు. మంగళవారం వాడు పాత ఖాతాదారుల దగ్గర డబ్బు వసూలు చేసుకుని పోయాడు. ఖాతాదారుకు మాన్పించిన సంగతి తెలియకపోతే అతని బాకీ తీరినట్లే. నష్టం యజమానిదే. కాబట్టి మనిషిని మాన్పించిన రోజునే పది మందికీ కబురు పంపాలి.

ఏజెంటుకూ ధర్మమున్నది. లెక్క చెప్పాలి. యజమానికి తెలియకుండా తన కోసం బేరం చేయరాదు. ఇల్లు అమ్మిపెట్టమంటే బ్రోకరు బావమరిది పేర తానే కొన్నాడనుకోండి, అసలు సంగతి దాచి మోసం చేసినట్లు తేలితే ఆ బేరాన్ని కాదనే హక్కు యజమానికి వుంది. ఇతరుల కోసం సంతకం పెట్టేవారు 'ఫలానా వారి తరపున' అని వ్రాసి మరీ పెట్టాలి. లేకుంటే భారం తమ మీదే పడవచ్చు.

గల్ఫులో వున్నవారు ఇచ్చే ముఖ్తార్‌నామా, అదే పవర్ ఆఫ్ అటార్నీ, గురించి ఒక్కమాట. అది సాధారణంగా ఇచ్చినవాడు చనిపోతే ఆగిపోతుంది. చేయవలసిన పని ఒక్కటే అయితే ఆ ఒక్క పనికే ఇవ్వాలి, సర్వాధికారాలు ఇవ్వనక్కరలేదు. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ కాగితం మీద ప్లాట్లు కొంటే యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు 2011లో స్పష్టంగా చెప్పింది. రిజిస్టరయిన అమ్మకపు దస్తావేజే కావాలి.

ఇందాక వాయిదా వేసిన మాట. కంపెనీ అనేది చట్టం సృష్టించిన వేరే మనిషి. లండనులో సాలమన్ అనే తోలు బూట్ల వ్యాపారి తన వ్యాపారాన్ని కంపెనీగా మార్చాడు. వాటాదారులు ఆయనా, భార్యాపిల్లలూ. కంపెనీ దివాలా తీసింది. కంపెనీ వేరు, సాలమన్ వేరు అని 1896లో తీర్పు వచ్చింది. మన దేశంలో 2013 చట్టం తర్వాత ఒక్క మనిషి కూడా కంపెనీ పెట్టవచ్చు. ఎల్.ఎల్.పి.లో భాగస్థుడు సంస్థకే ఏజెంటు, తోటి భాగస్థులకు కాదు. ఒకరి తప్పుకు ఇంకొకరి ఇల్లు పోదు. అయితే ఏటా లెక్కలు దాఖలు చేయాలి, మోసం చేస్తే రక్షణ లేదు. బ్యాంకుకు సొంత హామీ సంతకం పెడితే ఆ గోడ ఆ మేరకు కూలినట్లే.

సోదరులారా, ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడుగాటి ఆయత్ అప్పును వ్రాసుకోవడం గురించే. పెద్దదయినా చిన్నదయినా వ్రాసుకోవాలనే అందులోని ఆదేశం. నమ్మకం లేక వ్రాయమని కాదు. నమ్మకం నిలవాలని వ్రాయమని. "మనలో మనకు కాగితమేమిటి" అనేవారికి ఇంతకన్నా నేనేమి జవాబు చెప్పగలను?

కనుక నా మనవి ఇది. మన సంఘం వారు ఏడాదికి రెండు ఆదివారాలు ఒక వకీలు సాహెబునూ, ఒక ఆడిటరునూ పిలిపించి, చిన్న వ్యాపారస్థుల కాగితాలు వ్రాయించి పెట్టాలి. విద్యార్థులకు ఉపకారవేతనాలివ్వడం ఎంత పుణ్యమో, ఒక దుకాణం కోర్టుకెక్కకుండా ఆపడమూ అంతే. ఆ దుకాణం మూతపడితే ముందు బడి మానేది ఆ ఇంటి ఆడపిల్లే. ఇది నా హాజరు పట్టీ నాకు నేర్పిన పాఠం.