ఇంటి చెత్త, నేల సత్తువ
(మలంచాలో తెలుగువారి సభలో చేసిన ప్రసంగ పాఠం)



బెంగాల్ నాగపూర్ రైల్వే నాటినుండి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల వారెందరో ఖరగ్‌పూర్‌కు వచ్చి స్థిరపడినారు. మలంచా వీధులలో తెలుగుతోపాటు బెంగాలీ, హిందీ, ఒడియా భాషలు వినిపించుచుండును. భాషలు వేరైనను వీధి ఒక్కటే. ఆ వీధి చివర పేరుకొను చెత్తకుప్పయు ఒక్కటే. దానిని గురించియే నేడు నాలుగు మాటలు మనవి చేయదలచినాను.

మన పట్టణాల చెత్తలో ఇంచుమించు సగం తడి చెత్త: కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, ఆకులు. గాలి సోకని గుట్టలో ఇది కుళ్ళి, వాతావరణాన్ని వేడెక్కించు మీథేన్ వాయువును వెలువరించును. దానికే గాలి, తగినంత తేమ చేకూర్చి, నడుమ నడుమ తిరగవేసినచో కొద్ది మాసాలలో ఎరువగును. మన తాతలు పల్లెలలో గత్తం పోగు చేసినది నేలకు సత్తువ నిచ్చుటకే. ఇట్టి అనుభవాన్ని శాస్త్రంగా క్రమబద్ధం చేసిన ప్రయోగాలు ఇందోరులో జరిగినవి. ఆల్బర్ట్ హోవర్డ్, యశ్వంత్ వాడ్ వాటిని 1931లో గ్రంథరూపంలో వెలువరించినారు. ప్రపంచం నేటికిని దానిని ఇందోరు పద్ధతి అనియే పిలుచుచున్నది.

అయితే ఎరువు బాగుపడుటయు, చెడుటయు వంటింటిలోనే నిర్ణయమగును. గాజుపెంకులు, బ్యాటరీలు కలిసిన ఎరువు పొలానికి హాని చేయును. పులుసులో నానిన కాగితం తిరిగి కాగితం కావడం దుర్లభం. తెలంగాణలోని సూర్యాపేట పట్టణం 2003లో ఇంటింట తడి, పొడి చెత్తలను వేరు చేయించి, తడి చెత్తను ఎరువుగా మార్చి, పొడి చెత్తను విక్రయించి దేశం దృష్టిని ఆకర్షించినది. కేంద్ర ప్రభుత్వం 2016లో వెలువరించిన నియమాలు సైతం ఇంటివద్దనే చెత్తను వేరు చేయవలెనని విధించినవి.

మనం వేరు చేయని చెత్తను మరొకరు చేతులతో వేరు చేయవలసి వచ్చును. పారిశుద్ధ్య వృత్తిలో ఢాకా వరకు వెళ్ళి స్థిరపడిన తెలుగు కుటుంబాలు కలవు. ఆ కష్టమెట్టిదో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. పగిలిన గాజు కోయునపుడు ఆ చేయి ఏ భాషవారిదని చూడదు. ఆ చేతిని కాపాడుటయు జాతీయ సమైక్యతలో భాగమే.

కావున ప్రతి యింట రెండు బుట్టలుంచుడు. గాజును కాగితంలో చుట్టి వేరుగా ఇండు. పెరడున్నవారు చిల్లులున్న కుండలో తడి చెత్తపై ఎండుటాకులు పరచి, వాన తగలకుండ మూత పెట్టుడు. అందులో పండిన ఎరువును పొరుగువారి మొక్కలకును పంచుడు. ఇంట గెలిచి రచ్చ గెలువుమన్నారు పెద్దలు. వీధి శుభ్రత కూడ ఇంటనే మొదలుకావలెను.