కొనుగోలు పత్రము – గ్రామధన రక్షణము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



పంచాయతీ సొమ్మనగా ఇంటిపన్ను, నీటిపన్ను రూపమున గడపగడపనుండి చేరిన సొమ్ము. ఆ సొమ్ముతో వీధిదీపములు, నీటిగొట్టములు, బ్లీచింగు పొడి మొదలగువానిని కొనునపుడు టెండర్లు పిలుతురు. కొనుగోలు చిన్నదైనచో కొటేషన్లు తెప్పింతురు. షరతులకు లోబడినవారిలో తక్కువ ధర వ్రాసినవానికే ఆర్డరిచ్చుట సామాన్య నియమము. కావున సరుకుయొక్క మంచిచెడ్డలు అది బండి దిగిన దినమున గాక, ఏమి కావలెనో కాగితముపై వ్రాసిన దినముననే నిర్ణయమగుచున్నవి. కచ్చేరీలలో స్పెసిఫికేషను అని పిలువబడు ఆ వివరణమే కొనుగోలునకు ప్రాణము.

“మేలురకపు దీపములు” అని వ్రాసినచో, నాసిరకము వచ్చినపుడు కాదనుటకు ఆధారముండదు. “25 వాట్ల దీపము” అనుటయు చాలదు. వాట్లు దీపము తిను కరెంటును చెప్పునే గాని ఇచ్చు వెలుతురును చెప్పవు. వెలుతురునకు కొలత ల్యూమెన్. ఎన్ని ల్యూమెన్లు, వానకు ఓర్చునా, పూచీ ఎన్నియేండ్లు, చెడినచో ఎన్ని దినములలో మార్చవలెను అనునవి యన్నియు పత్రమున నుండవలెను.

బ్లీచింగు పొడి విషయము ఇంతకంటె గురుతరము. అందలి సారము క్లోరిను. మంచి పొడియందు అది సుమారు మూడవ వంతుండును. తేమ తగిలినను, చిరకాలము నిలువయున్నను ఆ పాలు తగ్గిపోవును. బస్తా తూకము చూచిన తగ్గినట్లుండదు. నీటిలోని క్రిములు మాత్రము చావవు. తూకమొక్కటే వ్రాసి, క్లోరిను శాతమును, తయారైన తేదీని వ్రాయని పత్రము వలన మిగిలిన నాలుగు రూపాయలు పిదప వైద్యుని యింటికి పోవును.

ఇందుకు వ్యతిరేకమైన దోషమును గలదు. గ్రామములందు ఇనుప బీరువా యనగానే “గోద్రెజ్ బీరువా” యని వ్రాయుట అలవాటు. పేరు వ్రాసినంతనే తక్కిన వర్తకులకు తలుపు మూసినట్లే. రేకు మందము, ఎత్తు, అరల సంఖ్య, తాళపు తీరు వ్రాసినచో ఎవరైనను పోటీకి రావచ్చును. కేంద్ర ప్రభుత్వపు 2017 నాటి ఆర్థిక నియమావళియు, వివరణము కొలతకు లొంగునదై, ఒక వ్యాపారనామమును సూచింపనిదై యుండవలెనని విధించుచున్నది.

చక్కని వివరణమునకు ఇండియా మార్క్ 2 చేతిపంపు నిదర్శనము. 1970వ దశకమున రూపొందిన ఆ పంపునకు 1979లో ఐ.ఎస్. 9301 అను ప్రమాణ మేర్పడెను. అది యొక వర్తకుని సొత్తు కాదు. ప్రమాణము ననుసరించి ఏ కర్మాగారమైనను చేయవచ్చును. కరవు సీమలలో ఎన్నో యూళ్ల దాహము దీర్చిన ఘనత ఆ పంపునకు గలదు.

వివరణమునకు తోడు పరీక్షయు కావలెను. తిరుమల లడ్డూ నేతిని గూర్చి 2024లో పుట్టిన వివాదము సుప్రీంకోర్టు వరకు పోగా, అక్టోబరు 4న ఆ న్యాయస్థానము ఐదుగురు సభ్యుల ప్రత్యేక దర్యాప్తు బృందమును నియమించెను. తప్పొప్పుల విచారణ ఈ సభాకార్యము కాదు. గ్రహింపవలసిన దొక్కటి: నేతిలో పాలకొవ్వు 99.5 శాతమునకు తగ్గరాదని ఆహార ప్రమాణములున్నను, అన్యపు కొవ్వు కలిసినదో లేదో కంటికి, ముక్కునకు తెలియదు. నమూనా నెవరు తీయవలెను, ఏ ప్రయోగశాలకు పంపవలెను, తప్పినచో సరుకు నెవరి ఖర్చుతో త్రిప్పి పంపవలెను అనునవి ముందే వ్రాసియుండవలెను. పరీక్ష లేని షరతు తాళము లేని పెట్టె వంటిది.

కౌటిల్యుడు అర్థశాస్త్రమున కోశాపహరణ మార్గములను 40గా లెక్కించెను; కొలతలలోని తేడా అందొకటి. కొలతయే లేనిచోట తేడాను పట్టువారెవరు?

పంచాయతీవారు టెండరు పిలుచుటకు వారము దినములు ముందుగా పత్రపు ముసాయిదాను ఈ గ్రంథాలయపు బల్లపై నుంచిన బాగుండును. కరెంటు పని తెలిసినవాడు దీపముల షరతును, ఉపాధ్యాయుడు లెక్కలను, రైతు గొట్టముల కొలతను చూచి లోపములను చెప్పగలరు. సమాచార హక్కు చట్టము 2005లోనే వచ్చినది. అడిగి తెచ్చుకొనుటకంటె ముందే చదువుట మేలు. 25 ఏండ్లుగా చదువ నేర్పిన గ్రంథాలయమునకు ఇంతకంటె తగిన పని యుండబోదు.

స్వస్తి.