బిడ్డ ఎదుగుదల – మన సెలవుల లెక్క

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"ఏదైనా ఆరోగ్యం గురించి చెప్పండి సాబ్" అన్నారు మన కార్యదర్శి గారు. షుగరు గురించో, మోకాళ్ల నొప్పుల గురించో చెప్తాననుకుని ఉంటారు. మా వయసు వాళ్లకు కావలసింది అదే. కానీ ఈసారి హాలులో చంకన బిడ్డలున్న జవాన్లు చాలామంది కనిపిస్తున్నారు. అందుకని ఈ పది పదిహేను నిమిషాలు వాళ్ల కోసం తీసుకుంటున్నాను. బిడ్డ కడుపున పడ్డ రోజు నుంచి ఐదేళ్లు నిండే దాకా ఏం జరుగుతుంది, అందులో మనం ఇంట్లో ఉండవలసింది ఎప్పుడు, ఇదే నా విషయం. నేను డాక్టర్ని కాను. ఇంటర్మీడియట్ పాసై సైన్యంలో చేరి, లక్నోలో ట్రైనింగ్ అయి, నర్సింగ్ అసిస్టెంటుగా మొదలుపెట్టి సుబేదారుగా దిగినవాణ్ణి. పుస్తకంలో చదివింది కొంత, వార్డులో చూసింది కొంత, నా ఇంట్లో తప్పు చేసి నేర్చుకుంది కొంత చెప్తాను.

1995 జూన్ ఆఖరున రెండు నెలల లీవు ముగించుకుని నేను కాశ్మీరులో మా యూనిట్ కు తిరిగి వెళ్లాను. ఆగస్టు చివర్లో ఇంటి నుంచి ఉత్తరం వచ్చింది, మా ఆవిడకు నెల తప్పిందని, రెండో నెల అని. లంగర్ లో అందరికీ హల్వా పెట్టించాను. ఇంకా ఏడెనిమిది నెలలు ఉంది కదా, నిదానంగా చూసుకుందాం అనుకున్నాను. అక్కడే నా లెక్క తప్పింది.

ఎందుకంటే నా చేతికి ఆ ఉత్తరం అందేసరికి బిడ్డ అవయవాలన్నిటికీ పునాదులు పడిపోయాయి. అండం, వీర్యకణం కలిసిన తరువాత వారం రోజులకు ఆ పిండం గర్భసంచి గోడకు అంటుకుంటుంది. నాలుగో వారంలో గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. ఇరవై ఎనిమిదో రోజుకల్లా మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం మూసుకోవాలి. అప్పటికి పిండం బియ్యపు గింజంత ఉంటుంది. తల్లికేమో "నెల తప్పిందా, లెక్క తప్పానా" అనే అనుమానం దగ్గరే ఉంటుంది. ఆ గొట్టం సరిగా మూసుకోకపోతే బిడ్డ వెన్నులో లోపంతో పుడతాడు. దాన్ని చాలావరకు ఆపగలిగేది ఫోలిక్ యాసిడ్ అనే చిన్న మాత్ర, రోజుకు 400 మైక్రోగ్రాములు. కానీ దాన్ని గర్భం రాకముందు నుంచే వేసుకోవాలి. మూడో నెలలో మొదలుపెడితే రక్తానికి మంచిదే గాని, ఈ పనికి ఆలస్యమైపోయినట్లే. ఎనిమిది వారాలు నిండేసరికి బిడ్డ మూడు సెంటీమీటర్లు ఉంటాడు. కళ్లు, చెవులు, చేతివేళ్లు, కాలివేళ్లు అన్నీ ఏర్పడి ఉంటాయి. ఇక మిగిలింది పెరగడం, పక్వానికి రావడం.

కాబట్టి కొత్తగా పెళ్లయిన తమ్ముళ్లూ, లీవుకు వెళ్లేటప్పుడు కేంటీన్ సామానుతో పాటు ఈ మాత్ర సంగతి కూడా గుర్తుపెట్టుకోండి. బిడ్డ కావాలనుకుంటే ఆ లీవులోనే ఇద్దరూ డాక్టరు దగ్గరకు వెళ్లి అడగండి. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఇంకో మాట ఇక్కడే చెప్పేస్తాను. ఆడపిల్లా, మగపిల్లాడా అన్నది కలిసిన ఆ క్షణంలోనే తేలిపోతుంది, అదీ తండ్రి వైపు నుంచి వచ్చిన కణాన్ని బట్టి. తల్లి దగ్గర ఎక్స్ ఒక్కటే ఉంటుంది. ఎక్స్ ఇవ్వాలా వై ఇవ్వాలా అన్నది మన వైపు సంగతి. "మళ్లీ ఆడపిల్లనే కన్నది" అని భార్యను అనే మగవాడు ఎవరిని తిడుతున్నాడో అతనికే తెలియదు. ముందుగా తెలుసుకోవాలని స్కానింగ్ వాళ్లను బతిమాలడం 1994 చట్టం ప్రకారం నేరం కూడా. ఉద్యోగం పోతుంది, జాగ్రత్త.

సరే, నా సంగతికి వస్తాను. నేను ఎం.ఐ. రూంలో ఎంతమంది జవాన్ల భార్యలకు ఇనుము మాత్రలు ఇచ్చానో లెక్క లేదు. ఆ రోజుల్లో గర్భిణీకి వంద మాత్రలు ఇచ్చేవాళ్లం. "అమ్మా, టీతో మింగవద్దు, ఒంటికి పట్టదు. నిమ్మరసంతో మింగండి. విరేచనం నల్లగా వస్తే భయపడొద్దు" అని అందరికీ చెప్పేవాణ్ణి. మా ఆవిడకు రాసిన ఉత్తరాల్లో మాత్రం ఆ ముక్క ఒక్కసారి కూడా రాయలేదు. ఊళ్లో నర్సమ్మ ఇచ్చిన మాత్రలు పది వేసుకుని, వికారంగా ఉందని ఆపేసిందట. పైగా ఆ మాత్రలు మింగితే బిడ్డ నల్లగా పుడతాడని ఇంట్లో పెద్దవాళ్లు అన్నారట. ఏడో నెలలో చూస్తే రక్తం ఎనిమిది గ్రాములే ఉంది. మా వాడు రెండు కిలోల నూరు గ్రాములతో పుట్టాడు. రెండున్నర కిలోల లోపు పుడితే తక్కువ బరువు కిందే లెక్క. ఇంట్లో ఎవరినీ తప్పుపట్టను. చెప్పవలసినవాణ్ణి నేను, చెప్పలేదు.

ఇది పాతకాలం సంగతి అనుకోకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో గర్భిణుల్లో 52 శాతం మందికి, ఐదేళ్లలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఇప్పుడు నాలుగో నెల నుంచి రోజూ ఒకటి చొప్పున 180 రోజులు, కాన్పు తరువాత మరో 180 రోజులు మాత్రలు ఇస్తున్నారు. ఇవ్వడం వేరు, మింగడం వేరు. సాయంత్రం ఫోన్ చేసినప్పుడు "తిన్నావా" అని అడుగుతాం కదా, దానితోపాటు "మాత్ర వేసుకున్నావా" అని కూడా అడగండి. అంతే.

ఆరో నెల వచ్చేసరికి కడుపులో బిడ్డకు బయటి శబ్దాలు వినపడతాయి. అభిమన్యుడు తల్లి కడుపులో ఉండగానే పద్మవ్యూహం విన్నాడని మనం చిన్నప్పటి నుంచి వింటున్నాం. వ్యూహం అర్థం కావడం కథ, వినడం మాత్రం నిజం. పుట్టిన రెండు మూడు రోజుల పిల్లలు ఇతర ఆడవాళ్ల గొంతు కన్నా తల్లి గొంతునే ఎక్కువగా కోరుకుంటారని 1980లో అమెరికాలో పరిశోధకులు పరీక్ష చేసి చూపించారు. కడుపులో వారాల తరబడి విన్న గొంతు అది. సీమంతానికి పేరంటాళ్లు వచ్చి పాటలు పాడేది ఊరికే కాదేమో అనిపిస్తుంది నాకు.

ఇక కాన్పు లీవు. డాక్టరు 1996 మార్చి పదిహేడు అని డేట్ ఇచ్చారు. నేను సరిగ్గా ఆ డేట్ కు అటూ ఇటూ కలిపి పది రోజులు కేజువల్ లీవు పెట్టుకుని వెళ్లాను. పదిహేడు వచ్చింది, పోయింది. నేను రైలెక్కిన నాలుగో రోజుకు వాడు పుట్టాడు. టెలిగ్రాం యూనిట్ లో అందుకున్నాను. డాక్టరు డేట్ అంటే మన మూవ్ ఆర్డరు లాంటిది కాదు. చివరి బహిష్టు మొదటి రోజు నుంచి 280 రోజులు లెక్కవేసి చెప్తారు, అంతే. ముప్పై ఏడు వారాలు నిండిన దగ్గర నుంచి నలభై రెండో వారంలోపు ఎప్పుడు పుట్టినా సమయానికి పుట్టినట్టే. సరిగ్గా చెప్పిన రోజున పుట్టేవాళ్లు నూటికి నలుగురైదుగురే. కాబట్టి డేట్ కు ముందు రోజులు దాచుకుని, డేట్ తరువాత ఎక్కువ రోజులు ఉండేటట్లు లీవు పెట్టుకోండి. కాన్పుకు ముందు ఇంట్లో కూర్చుని మనం చేసేది తక్కువ. పుట్టిన తరువాత చేయవలసింది చాలా ఉంటుంది.

ఏముంటుందంటే, మొదటి గంటలో ముర్రుపాలు తాగించాలి. చిక్కగా, పసుపుపచ్చగా ఉందని పిండి పారబోయించే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. తేనె నాకించేవాళ్లు, ఆముదం పోసేవాళ్లు, మన వైపు గాడిదపాలు పట్టించేవాళ్లు కూడా ఉన్నారు. గ్లాసుడు గాడిదపాలు కూడా కాదు, ఒక ఉగ్గుగిన్నెడు, దానికెంత తీసుకుంటారో అడగకండి. ఏడాది లోపు తేనె ప్రమాదం, దానివల్ల ప్రాణం మీదికి వచ్చే జబ్బు ఉంది. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా అక్కర్లేదు. ఈ మాట కోడలు చెప్తే ఇంట్లో వినరు. మిలిటరీ నుంచి వచ్చిన కొడుకు చెప్తే వింటారు. అలాగే బాలింతకు పథ్యం పేరుతో కారప్పొడి అన్నం ఒక్కటే పెట్టేవాళ్లున్నారు. పాలిచ్చే తల్లి మామూలు కంటే ఎక్కువ తినాలి. పప్పు, ఆకుకూర, గుడ్డు పెట్టించండి. టీకాల సంగతి కార్డులో రాసి ఉంటుంది, తేదీ తప్పకుండా వేయించండి.

ఇప్పుడు మన తెలుగువాళ్ల పద్ధతి ఒకటి చెప్తాను. బిడ్డ నవ్వితే నువ్వుండలు చేస్తాం, బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, అడుగులేస్తే అరిసెలు పంచుతాం. మా వార్డులో పిల్లల డాక్టరు గోడకు ఒక చార్టు తగిలించేవారు: నెలన్నర, రెండు నెలలకు మనిషిని చూసి నవ్వడం, నాలుగుకు మెడ నిలపడం, ఆరుకు బోర్లా పడడం, ఎనిమిదికి ఆనుకోకుండా కూర్చోవడం, ఏడాది దాటేసరికి నడవడం. ఆ చార్టు చూసినప్పుడు నాకు మా అమ్మమ్మ పిండివంటలే గుర్తొచ్చాయి. ఏ ఇంట్లోనైనా బొబ్బట్లు ఆలస్యమైతే నలుగురూ అడుగుతారు, "ఇంకా బోర్లా పడలేదా" అని. చదువు రాని కాలంలో అదే పరీక్ష.

మా ఆవిడ ఉత్తరాలు కూడా అలాగే ఉండేవి. "నిన్న నువ్వుండలు చేశాం", "ఆదివారం బొబ్బట్లు చేసి వాడకట్టంతా పంచాం." నేను బంకర్లో కూర్చుని చదువుకునేవాణ్ణి. బొబ్బట్లు నిలవుండవు కదా. అరిసెలు నిలవుంటాయి. 1997 జూలైలో మా పక్క ఊరి నాయక్ ఒకతను లీవు నుంచి వస్తూ డాల్డా డబ్బా నిండా అరిసెలు తెచ్చాడు. మూత తీసేదాకా ఎందుకో నాకు తెలియదు. పదహారో నెలలో మావాడు అడుగులేశాడన్నమాట. బీహారీలు, పంజాబీలు అందరూ తలా ఒకటి తిన్నారు. "దేనికి సాబ్ ఈ మిఠాయి" అంటే నా కొడుకు నడుస్తున్నాడని చెప్పాను. వాడు ఎలా నడుస్తాడో నాకు తెలియదు.

అంతకుముందు 1996 డిసెంబరులో లీవు వచ్చింది. వాడికి తొమ్మిదో నెల. గోడ మీద నా యూనిఫాం ఫొటో చూపించి "నాన్న ఏడీ" అంటే వేలు పెట్టి చూపించేవాడు. నేను ఎత్తుకుంటే ఊరంతా వినపడేలా ఏడ్చేవాడు. పదకొండు రోజులు నా దగ్గరకు రాలేదు. నాకు కోపం కూడా వచ్చిందని ఒప్పుకోవాలి. తరువాత డాక్టరు గారిని అడిగితే నవ్వి, "అది మంచి లక్షణమయ్యా. ఏడెనిమిది నెలలకు తనవాళ్లెవరో, పరాయివాళ్లెవరో బిడ్డకు తెలుస్తుంది. నువ్వు పరాయివాళ్లలో ఉన్నావు, అంతే" అన్నారు.

తల్లి మొహం, తండ్రి మొహం, మాటలు, ముద్దు చేయడం, ఇవే ఆ వయసులో మెదడుకు మేత. పుట్టినప్పుడు బిడ్డ మెదడు పెద్దవాళ్ల మెదడులో నాలుగో వంతు ఉంటుంది. ఐదేళ్లకు తొంభై శాతం పెరిగిపోతుంది. బడిలో వేసేసరికి సగం పని అయిపోయి ఉంటుంది. అందుకే ఆరో నెల నిండాక అన్నప్రాసన ఎంత ముఖ్యమో, మాట్లాడడం అంత ముఖ్యం. ఉగ్గు పెడుతూ కబుర్లు చెప్పాలి. ఇప్పుడు ఉగ్గు పెడుతూ సెల్ ఫోను చూపిస్తున్నారు. ఏడాది లోపు పిల్లలకు స్క్రీనే వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంట మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. నాన్నతో వీడియో కాల్ వేరు. అది మనిషితో మాట్లాడడం. మా రోజుల్లో అదుంటే నేను ఎంత డబ్బైనా పెట్టేవాణ్ణి.

ఒక హవల్దారు కూతురికి మూడేళ్లు దాటినా మాటలు రాలేదు. "వాళ్ల నాన్నకు కూడా లేటే" అన్నారు అందరూ. నేనూ అన్నాను. చివరకు చెవి పరీక్ష చేస్తే పాపకు సరిగా వినపడడం లేదు. మిషను పెట్టాక మాటలు వచ్చాయి గాని పోయిన ఏళ్లు పోయినట్లే. ఏడాదికి పేరు పెట్టి పిలిస్తే తిరగకపోయినా, ఏడాదిన్నరకు ఒక్క మాటైనా పలకకపోయినా, నడవకపోయినా ఆగకండి, చూపించండి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు సైన్యంలో ఆశా స్కూళ్లు ఉన్నాయి. దాచుకోవలసిన విషయం కాదు.

2000లో మాకు అమ్మాయి పుట్టింది. అప్పుడు పీస్ స్టేషన్, క్వార్టర్ దొరికింది. ప్రతి మాత్రా నా కళ్ల ముందే మింగించాను, మా ఆవిడ విసుక్కునేది. రెండు కిలోల తొమ్మిది వందలు పుట్టింది. బొబ్బట్లు వేడివేడిగా తిన్నాను.

నా ప్రసంగం ఎక్కువైనట్టుంది, భోజనాల వాసన వస్తోంది. పక్క గదిలో బరువు తూచే మిషను, ఎత్తు కొలిచే టేపు పెట్టాం. ఐదేళ్ల లోపు పిల్లలున్నవాళ్లు భోజనానికి ముందే తీసుకురండి, తిన్నాక తూస్తే లెక్క తప్పుతుంది. టీకా కార్డు తెచ్చుకోకపోయినా ఫరవాలేదు. మా వాడు కూడా ఇవాళ కూతుర్ని తీసుకొచ్చాడు, ఏడో నెల. నన్ను చూసి ఏడుస్తోంది కాబట్టి మిషను మీద కూర్చోబెట్టే పని వాడే చేస్తాడు. జైహింద్.