షుగర్ లెక్క మన ఫోన్లోనే



నాకు షుగర్ అని తెలిసినా సైట్ వదిలి డాక్టర్ దగ్గరికి వెళ్లేవాణ్ని కాదు. ఆ రోజు డబ్బు పోతుందని భయం. ఒకరోజు సేఫ్టీ బూటు విప్పితే సాక్సుకు రక్తం. పుండు పడ్డా నొప్పే తెలియలేదు. షుగర్ కాళ్ల నరాలను అట్లా మొద్దుబారుస్తుంది.

ఆ తర్వాత ఫోన్లో ఎన్‌హెచ్‌ఎస్ యాప్ పెట్టుకున్నాను. మా సర్జరీ చేయించిన రక్తపరీక్షల రిజల్టు అందులోనే చూసుకుంటున్నా. హెచ్‌బీఏ1సీ అంటే గత రెండు మూడు నెలల షుగర్ సగటు. ఇక్కడి 48, మన ఊరి రిపోర్టులో 6.5 శాతం, రెండూ ఒకటే. అక్కడి నుంచి పైన ఉంటే షుగర్ కిందే లెక్క.

టైప్ 2 వాళ్లకోసం ఎన్‌హెచ్‌ఎస్ పెట్టిన ‘హెల్దీ లివింగ్’ ఆన్‌లైన్ పాఠాల్లోనూ చేరాను. ఫీజు లేదు, డాక్టర్ చీటీ అడగలేదు. బ్రేకులో పది నిమిషాలు చదివేవాణ్ని. రాత్రి అన్నం తగ్గించి పప్పు, కూర పెంచాను.

అయితే ఫోను మన కాలు పట్టి చూడలేదు. ఏడాదికోసారి కాళ్ల పరీక్షకు పిలిస్తే మానొద్దు. మందులు మీ అంతట మీరు తగ్గించొద్దు. ఇంగ్లండ్‌లో షుగర్ మందులు వాడేవాళ్లు మినహాయింపు సర్టిఫికెట్ తీసుకుంటే మందులకు డబ్బు కట్టక్కర్లేదు. ఇంగ్లిషు రాకపోతే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని సర్జరీలో అడగండి, అదీ ఉచితమే.

లెవెల్ చూడకుండా మనం గోడ కట్టం కదా. ఒంటి లెవెల్ కూడా చూసుకుందాం.