మనవల డాక్టరు చదువు – ఆప్షన్ల జాబితా – మన పింఛను
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వక్తను కాను. 1972లో ఎల్.డి.సి.గా చేరి, చిత్తూరు జిల్లాలో తాలూకా కచేరీల్లోనూ, ఆ తర్వాత మండల కార్యాలయాల్లోనూ ఫైళ్లు మోసి, 2009లో రిటైరైన గుమాస్తాను. డి.ఎ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి మాట్లాడగల సమర్థులు మన సంఘంలో చాలామంది ఉన్నారు. అయినా కార్యదర్శి గారు "మీ మనవరాలి మెడిసిన్ సీటు సంగతి చెప్పండి, నలుగురికీ పనికొస్తుంది" అన్నారు. ఆ సంగతిలో నా తెలివి కంటే నా పొరపాటే ఎక్కువ. అది చెప్పుకుందామనే ఒప్పుకున్నాను.

మన తిరుపతిలో ఎస్.వి. మెడికల్ కాలేజీ 1960లో వచ్చింది. 1986 నుంచి ఎంసెట్ వచ్చింది. మన రాష్ట్రంలో 2017 నుంచి ఎం.బి.బి.ఎస్. సీట్లన్నీ నీట్ ర్యాంకు మీదే ఇస్తున్నారు. ఇప్పుడు పిల్లలు ఇంట్లో కూర్చునే కంప్యూటరులో వెబ్ ఆప్షన్లు పెడతారు. అంటే ఏ కాలేజీ కావాలో 1, 2, 3 అని వరుసగా రాసి ఇవ్వడం. చూడ్డానికి చాలా తేలిక. కానీ రెండేళ్ల కష్టం ఆ ఒక్క కాగితం మీద తేలిపోతుంది.

2023లో మా మనవరాలికి ఓ మోస్తరు ర్యాంకు వచ్చింది. ఎస్.వి. కాలేజీకి అందదు, అలాగని తీసిపారేసేదీ కాదు. ఆ పిల్ల 16 కాలేజీలతో ఒక జాబితా రాసి నాకు చూపించింది. నేను కళ్లద్దాలు పెట్టుకొని, ఎర్ర సిరా పెన్ను తీశాను. కర్నూలు దూరమన్నాను. అనంతపురం ఎండలన్నాను. నంద్యాల ప్రభుత్వ కాలేజీ ఆ ఏడే కొత్తగా తెరిచారు, గోడల తడి ఇంకా ఆరలేదన్నాను. ఆడపిల్ల, ఇంటి నుంచి వెళ్లొచ్చేలా ఉండాలని చెప్పి తిరుపతి, చిత్తూరు, కుప్పం, కడప ఉంచి మిగతావన్నీ కొట్టేశాను. వాళ్ల నాన్న నాకు ఎదురు చెప్పడు. మా ఇంటావిడ మాత్రం "చదివేది అది, మీరు కాదు కదా" అంది. నేను వినిపించుకోలేదు.

మొదటి విడతలో సీటు రాలేదు. రెండో విడతలో తప్పకుండా జారి వస్తుందని ధైర్యం చెప్పి మళ్లీ అదే జాబితా పెట్టించాను. అప్పుడూ రాలేదు. ఆమెతో కలిసి చదివిన పిల్ల, అదే కేటగిరీ, మా అమ్మాయి కంటే వెనుక ర్యాంకు, నంద్యాలలో చేరిపోయింది. ఆ సంగతి తెలిసిన రోజు మా మనవరాలు నన్ను ఒక్క మాట అనలేదు. "పోనీలే తాతా, వచ్చే ఏడు మళ్లీ రాస్తాలే" అంది. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేదేమో.

ఆ తర్వాత నేను చేసిన పని, మొదటే చేసి ఉండవలసిన పని. విశ్వవిద్యాలయం వారి నోటిఫికేషను, నియమావళి, గడిచిన ఏళ్ల సీట్ల కేటాయింపు పట్టికలు అచ్చు తీయించుకొని, మన పాత అలవాటు ప్రకారం ఒక లాంగ్ నోట్‌బుక్కులో గళ్లు గీసి రాసుకున్నాను. తెలిసినవి మీకు మనవి చేస్తాను.

మొదటిది, స్థానికత. రాజ్యాంగం 371డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం 85 శాతం సీట్లు స్థానికులవి. చిత్తూరు, కడప, అనంతపురం, కర్నూలు, నెల్లూరు పాత జిల్లాలు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ప్రాంతం. శ్రీకాకుళం నుంచి ప్రకాశం వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయం ప్రాంతం. 2022లో తిరుపతి జిల్లా వేరైనా మన ప్రాంతం మారలేదు. కాబట్టి మన పిల్లలు విశాఖ, గుంటూరు కాలేజీలు ఎన్ని రాసినా అక్కడ మనకు తలుపు సందు మాత్రమే. అసలు ఆశ మన ఐదు పాత జిల్లాల్లోనే. నేను కొట్టేసింది సరిగ్గా ఆ ఆశనే.

ఇందులోనే ఇంకో చిక్కు ఉంది. ఇంటరుతో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఇక్కడ చదివినవారు స్థానికులు. నగరి వారు చెన్నైలో, పలమనేరు, కుప్పం వారు బెంగళూరులో, చిత్తూరు వారు వేలూరులో పిల్లలను చదివించడం మనకు మామూలే. అలాంటివారు తొమ్మిదో తరగతిలో చేర్చేటప్పుడే ఈ లెక్క చూసుకోవాలి. వేలూరు సి.ఎం.సి. చిత్తూరుకు పక్కనే ఉంది గాని అది తమిళనాడు. మన స్థానికత అక్కడ చెల్లదు.

రెండోది, మార్కులు చూసి మురిసిపోకూడదు, ర్యాంకు చూడాలి. 2024లో సవరించిన ఫలితాల తర్వాత కూడా 720కి 720 తెచ్చుకున్నవారు 17 మంది ఉన్నారు. 2025లో పేపరు కష్టంగా వచ్చి మొదటి ర్యాంకు వారికే 686. కాబట్టి "పక్కింటి వాళ్లకు పోయినేడు ఇన్ని మార్కులకే వచ్చింది" అన్న మాట ఎందుకూ పనికిరాదు. మా అమ్మాయికి 2024లో మార్కులు బాగా పెరిగాయి. ర్యాంకు అంతగా కదల్లేదు. ఇంట్లో పండగ చేసుకుని రెండు రోజులకే చల్లబడ్డాం. గడిచిన రెండు మూడేళ్లలో ఏ కాలేజీలో, మన కేటగిరీలో, మన ప్రాంతంలో చివరి సీటు ఏ ర్యాంకుకు పోయిందో రాసుకుంటే నిజం తెలుస్తుంది.

మూడోది, వరుస. కంప్యూటరు ముందు పై ర్యాంకు వారి జాబితా తీస్తుంది. మొదటి కాలేజీలో ఖాళీ ఉంటే ఇచ్చేస్తుంది, లేకపోతే రెండోదానికి పోతుంది. అందువల్ల అందని కాలేజీని పైన రాసినందుకు నష్టమేమీ లేదు. ఎస్.వి. కాలేజీ ఇష్టమైతే మొదట రాయండి, కింది వాటికి ఏ భంగమూ రాదు. నష్టం రెండు చోట్ల ఉంది. అంత ఇష్టం లేనిది పైన రాస్తే అదే వచ్చి కూర్చుంటుంది. జాబితా పొట్టిగా రాస్తే అసలేమీ రాదు. పై నాలుగు ఆశతో, మధ్యలో మన ర్యాంకుకు దగ్గరగా ఉన్నవి, కింద తప్పక దొరికేవి, ఇలా చివరిదాకా రాయాలి. అయితే వస్తే చేరతామనుకున్నవే రాయాలి. రెండో విడతలో మెరుగైన సీటు వస్తే పాతది పోతుంది. కాబట్టి చేతిలో ఉన్నదాని కంటే తక్కువైనది మళ్లీ రాయకూడదు.

అఖిల భారత కోటా సంగతి వేరు. ప్రభుత్వ కాలేజీల్లో 15 శాతం సీట్లు, మంగళగిరి ఎయిమ్స్, పుదుచ్చేరి జిప్‌మర్ వంటివి ఢిల్లీ కమిటీ కౌన్సెలింగ్‌లో వస్తాయి. దానికి వేరే రిజిస్ట్రేషను, వేరే తేదీలు ఉంటాయి. ఒక చోట చేరితే రెండో చోట ఏమవుతుందో ఆ ఏటి నియమావళిలో చదివాకే అడుగు వేయాలి.

నాలుగోది, డబ్బు. మనల్ని ముంచేది ఇదే. ప్రైవేటు కాలేజీల్లో సగం సీట్లు కన్వీనరు కోటా, 35 శాతం బి కేటగిరీ, 15 శాతం ఎన్.ఆర్.ఐ. కోటా. 2020లో ప్రభుత్వం నిర్ణయించిన రుసుము కన్వీనరు కోటాకు ఏడాదికి 15 వేలు, బి కేటగిరీకి 12 లక్షలు, ఎన్.ఆర్.ఐ. కోటాకు 36 లక్షలు. హాస్టలు, పుస్తకాలు దీనికి అదనం. 2023లో తెరిచిన ఐదు ప్రభుత్వ కాలేజీల్లో కూడా కొన్ని సీట్లను సెల్ఫ్ ఫైనాన్సు కింద పెట్టారు. ప్రభుత్వ కాలేజీ అన్న పేరు చూసి ఆగిపోకుండా ఆ సీటు ఏ కోటాలోదో, ఆ ఏటి రుసుమెంతో చూడాలి.

మా పేటలో ఒక పెద్దాయన, మనవాడే, రిటైరైన డబ్బు, ఇంటి స్థలం రెండూ మనవడి బి కేటగిరీ సీటుకు పెట్టేశారు. రెండో ఏడు ఫీజుకు కొడుకు అప్పు చేశాడు. మూడో ఏడు ముసలాయనకు గుండెకు స్టెంటు వేయవలసి వస్తే ఇంట్లో పదివేలు లేవు. ఆ పిల్లవాడు మంచివాడే, చదువుతున్నాడు. కానీ ఇంటికి వచ్చినప్పుడల్లా తాత ముఖం చూడలేకపోతున్నాడట. మన పింఛను మనకూ మన తర్వాత ఇంటావిడకూ అన్నం. అది ఫీజు గడిలో రాసే అంకె కాదు. మనం ఇవ్వగలిగింది ఎంతో ఆప్షన్లు రాయడానికి ముందే పిల్లల ఎదుట నోరు తెరిచి చెప్పాలి. అది చెప్పడానికి సిగ్గుపడితే తర్వాత అందరం బాధపడతాం.

ఐదోది, సీటు రాకపోతే ఏమిటన్నది కూడా జాబితాలో భాగమే. ఇంకో ఏడు రాయడమా, ఎన్నిసార్లు రాయడమా అన్నది ముందే అనుకోవాలి. మన తిరుపతిలోనే 1955 నుంచి పశువైద్య కళాశాల ఉంది, టి.టి.డి. వారి ఆయుర్వేద కళాశాల ఉంది, నర్సింగ్ చదువులు ఉన్నాయి. ఇవేవీ చిన్నవి కావు. విదేశాల్లో తక్కువలో డాక్టరు అవుతారని ఇంటికి వచ్చే దళారుల మాట వినేముందు, తిరిగి వచ్చాక ఇక్కడ మళ్లీ పరీక్ష పాసైతేనే ప్రాక్టీసు చేయనిస్తారన్న సంగతి గుర్తుంచుకోండి.

చివరిగా, సర్టిఫికెట్లు. ఆరో తరగతి నుంచి ఇంటరు దాకా స్టడీ సర్టిఫికెట్లు, కుల ధృవీకరణ, ఇ.డబ్ల్యు.ఎస్. వారికి ఆ ఏటి ఆదాయ పత్రం ఫలితాలకు ముందే సిద్ధంగా ఉండాలి. ఈ పని మాత్రం మనలాంటివారికి వదిలేయవచ్చు. కార్యాలయాల చుట్టూ తిరగడం, కాగితంలో ఇంటిపేరు అక్షరం తప్పుంటే పట్టుకోవడం మనకు నలభై ఏళ్లు అన్నం పెట్టిన విద్య.

2024లో మా మనవరాలు మళ్లీ జాబితా రాసింది. ఈసారి 22 పేర్లు. కాగితం నా చేతికిచ్చి "తాతా, వరుస నేను రాసుకున్నాను. కాలేజీ కోడ్ నంబర్లు మాత్రం పుస్తకంతో సరి చూడండి" అంది. ఎర్ర పెన్ను తీయలేదు. పెన్సిలుతో ఒక్కొక్క నంబరు పక్కన టిక్కు పెట్టుకుంటూ పోయాను. రెండు చోట్ల అంకెలు తారుమారయ్యాయి, చెప్పాను, దిద్దుకుంది. సీటు నంద్యాలలో వచ్చింది, కన్వీనరు కోటాలోనే. నేను గోడల తడి ఆరలేదన్న కాలేజీలోనే ఇప్పుడు చదువుతోంది. ఆ పిల్ల కంటే ఏడాది ముందు చేరిన స్నేహితురాలు అక్కడే సీనియరు. ఆ ఏడాది నా వల్ల పోయింది.

మనం పిల్లల మేలు కోరి చెప్పే మాటల్లో సగం మన భయాలే. కోడ్ నంబర్లు సరి చూద్దాం, సర్టిఫికెట్లు తెచ్చిపెడదాం, చేతిలో ఎంత ఉందో నిజం చెబుదాం. వరుస మాత్రం వాళ్లను రాసుకోనిద్దాం.

నా నోట్‌బుక్కు సంఘ కార్యాలయంలో ఉంచుతున్నాను. కావలసినవారు చూసుకోవచ్చు. పాత ర్యాంకులు దారి చూపడానికే, ఆ ఏటి నోటిఫికేషనే ప్రమాణం.